మా అబ్బ వించెస్టరు, చిత్తూరు సాయబు మామ

తిరుపతి వైపు మా చామల లోయ పక్క ఊళ్లలో పాత తుపాకి అంటే చాలావరకు నాటు తుపాకే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కూరి, రవ్వలు వేసి, మళ్లీ కూరి పేల్చేది. కాస్త భూమీ పుట్రా ఉన్న ఇళ్లలో పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి గోడకు వేలాడేది. మా అబ్బ దగ్గర ఉన్నది ఈ రెండూ కాదు. అది అమెరికాలో తయారైన వించెస్టర్ రైఫిలు, 1895 మోడల్, 405 క్యాలిబర్. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఉక్కు కడియంలో వేళ్లు పెట్టి కిందికి తోస్తే ఖాళీ తొడుగు ఎగిరి బయట పడుతుంది, పైకి లాగితే కొత్త తూటా లోపలికి పోయి కూర్చుంటుంది. లివర్ యాక్షన్ అంటారు దాన్ని. మా జిల్లాలో ఇట్లాంటిది ఇంకొకటి నేను కళ్లతో చూడలేదు. (అబ్బ అంటే మా నాయన వాళ్ల నాయన, కోస్తా వైపు వాళ్ల కోసం చెబుతున్నా.)

దీని గురించి రాయాలని చాలా ఏళ్లుగా ఉంది. రైఫిలు గొప్ప చెప్పుకోవడానికి కాదు, తుప్పు పట్టి లివర్ కూడా కదలని దాన్ని మళ్లీ మనిషిని చేసిన చిత్తూరు సాయబు మామ పనితనం గురించి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని.

ముందు వస్తువు సంగతి. జాన్ మోసెస్ బ్రౌనింగ్ అని అమెరికాలో యూటా రాష్ట్రం మనిషి, తుపాకులు డిజైన్ చేయడంలో ఆయన్ను మించినవాడు పుట్టలేదని నా గట్టి నమ్మకం. అంతకు ముందు వచ్చిన వించెస్టర్ లివర్ రైఫిళ్లలో తూటాలు బ్యారెల్ కింద ఇంకో సన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండేవి. వెనక తూటా మొన పోయి ముందు తూటా అడుగున, సరిగ్గా ప్రైమర్ (దెబ్బ తగిలితే మందుకి నిప్పు అంటించే బిళ్ల) ఉండే చోట ఆనుకుంటుంది. మొన సూదిగా ఉంటే పేలిన అదురుకి ముందున్నది గొట్టంలోనే పేలిపోయే ప్రమాదం ఉంది, అందుకని మొద్దు మొన తూటాలే వాడేవాళ్లు. బ్రౌనింగ్ ఈ మోడల్లో ఆ గొట్టం తీసేసి లివర్ ముందు పెట్టెలాంటి మ్యాగజైన్ పెట్టాడు. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి, మొన ఎట్లా ఉన్నా ఇబ్బంది లేదు, పొడుగాటి బలమైన తూటాలూ పడతాయి. ఈ మోడల్ మొత్తం నాలుగు లక్షల పైచిలుకు తయారైతే అందులో సుమారు మూడింట రెండు వంతులు మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా జార్ సైన్యానికే పోయాయి. వేట కోసం చేసిన 405లు ఆ లెక్కలో చిన్న వాటా. 405 తూటా 1904లో వచ్చింది, గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైన. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకి వేటకు పోయినప్పుడు సింహాల కోసం నమ్ముకున్నది ఈ రైఫిలునే.

రూజ్‌వెల్ట్ దాకా ఎందుకు, మనవైపే ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. వేట కథలు రాసిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. ఆయన మనుషుల్ని తినే పులుల వెంట తిరిగిన అడవుల్లో మా చామల లోయ ఉంది, రైల్వే కోడూరు దారిలో మామండూరు ఉంది, ఆయన చేతిలో ఉండిందీ 405 వించెస్టరే. నాకు ఈ సంగతి ఉద్యోగానికి బెంగళూరు పోయాక ఆయన రాసింది చదివితే తెలిసింది. మా లోయ పేరు, మా ఇంటి రైఫిలు పేరు ఒకే పుస్తకంలో చూసిన రాత్రి నేను నిద్రపోలేదు. మా అబ్బకి ఆయన గురించి తెలుసో లేదో అడుగుదామంటే అప్పటికే అబ్బ లేడు.

అబ్బ చేతికి ఇది ఎట్లా వచ్చిందంటే, రేణిగుంటలో పనిచేసిన ఒక రైల్వే దొర స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సామాన్లన్నీ అమ్ముకుని ఇంగ్లండు పోతూ ఇచ్చిపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఎంతకు కొన్నాడో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు గాబట్టి ఆ మాట వదిలేస్తా. లైసెన్సు పుస్తకం మాత్రం పక్కాగా ఉండేది, రేషన్ కార్డు కంటే భద్రంగా.

మా జేజి (అబ్బ భార్య) చెప్పేది, అబ్బ వేట నుంచి వచ్చిన రాత్రి అన్నం అడిగేవాడు కాదట, వేన్నీళ్లు అడిగేవాడట. జేజి స్నానాల కాగులో తెర్లే నీళ్లు చెంబుతో తెచ్చిస్తే, గొట్టంలో ఒక చివర గరాటు పెట్టి పోసేవాడు. ఉక్కు కాలి చేతికి అంటుకునేంత వేడెక్కేదాకా పోసి, ఆ వేడికే లోపలి తడి ఆరిపోయాక, అప్పుడు నూనె గుడ్డ దూర్చేవాడు. ఇది ఆయన పిచ్చి అనుకునేది జేజి. పిచ్చి కాదు. ఆ కాలం తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పే. ఉప్పు గాలిలో తేమని లాగుతుంది, తెల్లారేసరికి తుప్పు మొదలు. నూనె ఎంత పూసినా ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. మా అబ్బకి కెమిస్ట్రీ తెలియదు, దొర చెప్పిన పద్ధతిని మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ఆ తర్వాత దానికి ఎన్ని అవస్థలు వచ్చినా గొట్టం లోపల గుండుని తిప్పే మెలికల గాళ్లు (గాడులు) బతికి ఉన్నాయి.

1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగిపోయింది. అది ఆగాల్సిందేనని అబ్బే అనేవాడట, నాకు ఊహ తెలిసేనాటికి మావైపు పులి మాట వినడమే తప్ప చూసినవాళ్లు ఎవరూ లేరు. రైఫిలు టేకు పెట్టెలోకి పోయింది. ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు బయటికి తీసేవాళ్లు. కొడవళ్లు, నాగలి, కొలిమి సుత్తి, అన్నిటి పక్కనా దాన్ని పీట మీద పెట్టి, జేజి తడి గంధం రాసి దాని మీద కుంకుమ పెట్టేది, ఎప్పుడూ ఒకటే చోట, కుడి పక్క ఉక్కు మీద, హ్యామర్‌కి (ట్రిగ్గర్ నొక్కితే పోయి కొట్టే ముక్కకి) కాస్త ముందు. మర్నాడు తుడిచేవాళ్లు, కానీ గంధం తడి అన్నేళ్లు ఒకే చోట తగిలేసరికి అక్కడ ఉక్కు తినేసి రూపాయి బిళ్ల కంటే చిన్నగా ఒక గుంట పడింది. నేను చిన్నప్పుడు వేలు పెట్టి తడిమేవాణ్ణి, గరుగ్గా ఉండేది.

అబ్బ పోయాక వారసత్వం కింద నాయన పేర లైసెన్సు మార్చుకోవాలి. ఆ కాగితాలు తెగేదాకా ఆయుధం ఇంట్లో పెట్టుకునే వీలు లేదు, చట్ట ప్రకారం డిపాజిట్ చేయాల్సిందే, చేశాం. ఎక్కడ చేశామో రాయను. అక్కడ ఎవరికీ దీని మీద పగ లేదు, మూలన పెట్టిన ఒక నంబరు, అంతే. కానీ ఆ గదికి వానాకాలం చెమ్మ వచ్చేది, అదీ ఒక్క వానాకాలం కాదు. నాయన చేతికి తిరిగి వచ్చిన రోజు చూస్తే బ్యారెల్ మొత్తం ఎర్రగా పొక్కులు, లివర్ రాయిలా బిగుసుకుపోయి ఉంది, మ్యాగజైన్ దగ్గర ఒక స్క్రూ లేదు, గురి చూసే వెనక సైట్ కింద ఎత్తు సరిచేసే మెట్ల ముక్క లేదు, మడమకి, అంటే భుజానికి ఆనించే చెక్కకి, ఉన్న పాత పగులు ఇంకా విచ్చుకుని ఉంది. నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు, ఎవరితో మాట్లాడలేదు. మా జేజి మాత్రం వచ్చి చూసి, "మీ నాయన ఉంటే తెర్లే నీళ్లు పోసుండు" అని లోపలికి పోయింది.

ఇంకో ఊళ్లో ఒక పెద్ద షాపు వాళ్లు, మిషన్ మీద బఫింగ్ కొట్టి, వేడి ఉప్పు తొట్టిలో ముంచి నల్ల రంగు పట్టించి కొత్తదానిలా తళతళలాడిస్తామన్నారు. నాయన దాదాపు ఒప్పుకున్నాడు. అంతలో మా చిన్నాయన, చిత్తూరులో ఒక సాయబు ఉన్నాడు, వాళ్ల నాయన కాలం నుంచి పాత జమీందారీ ఇళ్ల తుపాకులు బాగుచేసిన ఇల్లు అది, ఒక్కసారి చూపించి అప్పుడు నిర్ణయించుకో అన్నాడు. అట్లా పోయాం.

గాంధీ రోడ్డు వెనక సందులో చిన్న దుకాణం. గోడకి రిపేరు లైసెన్సు ఫ్రేము కట్టించి పెట్టుండాడు. ఆయన నాయన కంటే కాస్త పెద్దవాడు, నేను మామా అనేవాణ్ణి, నాయన భాయ్ అనేవాడు. రైఫిలు చేతికిస్తే ముందు లైసెన్సు పుస్తకం అడిగి నంబరు సరిచూసుకున్నాడు. తర్వాత లివర్ కాదు, మడమ కాదు, బ్యారెల్ మీద అక్షరాల దగ్గర కిరసనాయిలు గుడ్డతో ఒక్కసారి రుద్ది, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చదివాడు. నికెల్ స్టీల్ బ్యారెల్ అని, పొగలేని మందు కోసం ప్రత్యేకంగా చేసిందని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ అక్షరాల అంచులు గోటికి తగులుతున్నాయా లేదా అని చూసుకున్నాడు.

"అన్నా, దీన్ని కొత్తది చేయాలంటే ఆ షాపుకే ఇయ్యి. బాగు చేయాలంటే ఈడ పెట్టిపో" అన్నాడు.

తేడా ఏమిటని నాయన అడిగితే, బఫింగ్ చక్రం తుప్పుని మాత్రమే తీయదు, ఉక్కుని కూడా తీస్తుంది, అక్షరాలు కరిగిపోతాయి, రైఫిలు పక్కల ఉక్కులో మెట్టులా దిగిన చోట అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఎంత నల్లరంగు వేసినా అది వించెస్టర్ వాళ్లు చేసిన వస్తువు కాదు అని చెప్పాడు. ఇన్నేళ్ల తర్వాత ఎన్నో పాత తుపాకులు, గడియారాలు, కుట్టు మిషన్లు చూశాక ఇప్పుడు నేను అదే మాట ఎవరితోనైనా గొడవపడి మరీ చెబుతా. తుప్పు తిన్న దానికంటే బఫింగ్ తిన్న దాన్ని చూస్తే నాకు ఎక్కువ బాధ.

నేను అప్పుడు తిరుపతిలో పాలిటెక్నిక్, మెకానికల్. 1991 అది. సెలవులకి బస్సెక్కి చంద్రగిరి మీదుగా చిత్తూరు పోయి దుకాణంలో కూర్చునేవాణ్ణి. తుపాకి మీద చేయి వేయనిచ్చేవాడు కాదు మొదట్లో, లైసెన్సు నాది, పని నాది అనేవాడు. నాకిచ్చిన పని స్క్రూడ్రైవర్లు అరగదీయడం. ఇది విని నవ్వుకోవద్దు, సగం రిపేరు అదే. వించెస్టర్ స్క్రూల తల మీద గాడి చాలా సన్నగా ఉంటుంది, లోపలి గోడలు నిట్టనిలువు. బజారు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, గాడి పై అంచునే పట్టి జారి తల చెడగొడుతుంది. అందుకని పాత ఆకురాళ్ల ఉక్కుతో ఒక్కో స్క్రూకి ఒక్కో డ్రైవర్, మొన రెండు పక్కలా సమంగా, గాడిలో పెడితే వెలుతురు దూరకుండా. మామ కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసేవాడు, సన్నగా వెలుగు కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేవాడు. మా కాలేజీ ఫిట్టింగ్ షాపులో నేర్చుకున్న దానికంటే ఆ బెంచీ దగ్గరే ఫైలింగ్ అంటే ఏమిటో తెలిసింది.

బిగుసుకున్న స్క్రూల చుట్టూ కిరసనాయిలు చుక్కలు వేసి రోజుల తరబడి వదిలేసేవాడు. తర్వాత రేడియో వాళ్లు వాడే సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఆనించి వేడెక్కనిచ్చి, చల్లారాక, మళ్లీ కిరసనాయిలు. తొందర అనే మాటే ఆ దుకాణంలో లేదు. 1895 లోపల మరీ చిక్కుముడి, లివర్ ఒక్క ముక్క కాదు, రెండు ముక్కలు కీలు మీద కదులుతాయి, లివర్ దిగితే వెనక తాళం పడిన ఉక్కు దిమ్మ కిందికి జారుతుంది, అప్పుడే తూటా వెనక మూసి ఉండే బోల్టు వెనక్కి వస్తుంది, ఆ వచ్చేటప్పుడే హ్యామర్‌ని వెనక్కి వంచుతుంది. ఏ ఒక్కటి వరస తప్పినా మిగతావి బిగుస్తాయి. తెల్ల పంచె ఒకటి పరిచి, విప్పిన క్రమంలోనే ముక్కలు పెట్టాడు, ప్రతి ముక్క చుట్టూ నన్ను పెన్సిల్ గీత గీయమన్నాడు, పక్కన నంబరు. ఆ పంచె చాలా రోజులు మా ఇంట్లో ఉండింది.

పైన తుప్పు తీసింది దేనితోనో చెబితే ఎవరూ నమ్మరు. చిల్లికాణీతో. 1943 నుంచి 47 దాకా వచ్చిన, మధ్యలో పెద్ద చిల్లు ఉండే కంచు పైసా. బ్యారెల్‌కి నూనె పూసి, ఆ కాణీ అంచు ఆనించి మెల్లగా తోస్తుంటే పొక్కు పొక్కుగా తుప్పు లేచిపోతుంది, అడుగున నల్లరంగు మిగిలి ఉంటే అది అట్లాగే ఉండిపోతుంది. కంచు అనేది తుప్పు కంటే గట్టిది కాకపోయినా పొక్కుని లేపేంత గట్టిది, ఉక్కు కంటే మాత్రం మెత్తన, అందుకని గీతపడదు. అంచు అరిగితే కాణీ తిప్పుకుంటాడు. ఈ పనికి నన్ను కూర్చోబెట్టాడు చివరికి, అదే నేను ఆ రైఫిలు మీద మొదటిసారి చేయి వేసింది. ఒక్క అంగుళం శుభ్రం చేయడానికి పూటంతా పట్టేది. తుప్పుతో ఎర్రబడిన నూనెని గుడ్డతో తుడిస్తే కింద నుంచి ముదురు గోధుమ, అక్కడక్కడ నీలి నలుపు, ఒకచోట అయితే అబ్బ ఎడమ చెయ్యి పట్టుకునే చోట రంగు పూర్తిగా పోయి బూడిదరంగు ఉక్కు, అన్నీ బయటపడుతూ వచ్చాయి.

జేజి బొట్టు గుంట దగ్గరికి వచ్చేసరికి మామ ఆగి ఇదేందని అడిగాడు. నాయన చెప్పి, దాన్ని మాత్రం అరగదీసి చదును చేసెయ్ భాయ్, చూడటానికి అసహ్యంగా ఉంది అన్నాడు. మామ ఒప్పుకోలేదు. అంత లోతు పోవాలంటే చుట్టూ ఉక్కంతా ఆ లోతుకి దించాలి అన్నా, పక్కన మెట్టు ఉంది చూడు, అది పోతుంది అన్నాడు. సూది మొనకి గుడ్డపోగు చుట్టి, నూనెలో ముంచి, గుంట లోపల బతికున్న ఎర్ర తుప్పుని మాత్రం తీశాడు. గుంట నల్లగా మిగిలింది. నాయనకి అప్పుడు పెద్దగా నచ్చలేదు. జేజి పోయాక మాత్రం నాయన బొటనవేలు ఎప్పుడూ ఆ గుంట మీదే ఉండేది.

మడమ కథ వేరే. 405 పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను మామూలుది కాదు, పైగా భుజానికి ఆనే చోట ఉక్కు పలక, ఆ దెబ్బంతా సన్నటి మెడ దగ్గర చెక్క మీద పడుతుంది. ఈ మోడల్‌కి, ఈ తూటాతో, పైన చెక్కలోకి దిగే ఉక్కు తోక వెనక చెక్క పగలడం పేరుమోసిన జబ్బు. మా ఊరి కంసాలి ఎప్పుడో రాగి తీగ చుట్టి లక్క పోసి కట్టాడు, అన్నేళ్లు నిలిపింది ఆ కట్టే, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ లోపల చెక్క దశాబ్దాల తుపాకి నూనె తాగి నల్లగా మెత్తబడిపోయింది. నూనె ఉన్న చెక్కకి ఏ జిగురూ పట్టదు. మామ సుద్దపొడిని థిన్నర్‌లో ముద్దలా కలిపి పగులు చుట్టూ పట్టు వేసి ఎండలో పెట్టాడు. థిన్నర్ లోపలికి పోయి నూనెని కరిగిస్తుంది, ఆరుతూ బయటికి వచ్చేటప్పుడు నూనె కూడా సుద్దలోకి వస్తుంది. తెల్లగా వేసిన పట్టు సాయంత్రానికి బెల్లం రంగు. గీకేసి మళ్లీ కొత్త పట్టు. తెల్లగా వేసింది తెల్లగానే ఆరేదాకా వదల్లేదు.

అతికే పనికి శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల నుంచి ఒక ఆచారిని పిలిపించాడు. దేవుడి బొమ్మలు చెక్కే ఊరు అది, చెక్క రేఖలు చదవడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. మడమ ఒక్కటే కదా, ఆయన దగ్గరికే పంపొచ్చు కదా అని నేనడిగితే, నా రిజిస్టర్లో ఎక్కింది నా గడప దాటదు అన్నాడు మామ. ఆచారే వచ్చి దుకాణంలో పీట వేసుకుని కూర్చున్నాడు. మామ అటక మీద పాత విరిగిన మడమల కుప్ప ఉండేది, అందులోంచి కాశ్మీరు అక్రోటు చెక్కది ఒకటి ఏరి, రేఖలు కలిసే చోట సన్న పేడు కోసి, పగులులోకి దిగేలా చెక్కాడు ఆచారి. లోపల కనపడకుండా జిట్రేగి చీలలు రెండు దించి, అరాల్డైట్ జిగురు పట్టించి, సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి బిగించారు.

ఇక్కడ ఒక రహస్యం ఉంది, పాత రైఫిళ్లు ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అతికినంత మాత్రాన సరిపోదు, ఎందుకు పగిలిందో దాన్ని సరిచేయాలి. మామ ఆముదం దీపం మీద రేకు పెట్టి పట్టిన మసిని ఉక్కు తోకకి, దాని ముందు భుజాలకి పలుచగా పూసి, మడమలో కూర్చోబెట్టి, తీసి చూశాడు. ఎక్కడ ఉక్కు చెక్కని తాకితే అక్కడ నల్లమచ్చ. తోక చివర మాత్రమే నల్లగా ఉంది, భుజాల దగ్గర చెక్క శుభ్రంగా ఉంది. అంటే ప్రతి దెబ్బకీ ఆ తోక చీలిక కొట్టే మేకులాగా చెక్కలోకి దిగుతోందన్నమాట. తోక వెనక వెంట్రుక వాసి ఖాళీ వదిలి, భుజాల దగ్గర రెండు పక్కలా సమంగా నల్లమచ్చ పడేదాకా, ఆచారి ఉలితో గీకడం, మామ మసి పూసి చూడటం. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ, మచ్చ చూసి తలలు ఊపుకోవడమే ఎక్కువ. చివరికి అవిసె నూనె అరచేత్తో, చెయ్యి వేడెక్కేదాకా రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్ది. ఉప్పు కాగితం తాకనివ్వలేదు. గుంటలు పడిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించి ఆవిరికి పైకి లేపాడు. రాగి తీగ ఒరుసుకున్న సన్న గీతలు మెడ చుట్టూ ఇప్పటికీ కనిపిస్తాయి.

పోయిన స్క్రూ, సైట్ మెట్ల ముక్క కొత్తగా చేయాల్సి వచ్చింది. మెట్ల ముక్కని హాక్సా బ్లేడు నుంచి కోసి, ఒక్కో మెట్టూ ఆకురాయితో దించాడు. అది తెల్లగా మెరుస్తూ ముసలి రైఫిలు మీద అతకదు కదా, దానికి కావాలనే తుప్పు పట్టించి, వాననీళ్లలో ఉడకబెట్టాడు. ఉడికితే ఎర్ర తుప్పు నల్లగా మారుతుంది, ఇనుములో ఎర్ర ఆక్సైడు నల్ల ఆక్సైడు అవుతుందన్నమాట, పైపొడిని రుద్దేసి మళ్లీ తుప్పు, మళ్లీ ఉడకబెట్టడం. చిత్తూరు బోరు నీళ్లు ఉప్పు గాబట్టి వాన నీళ్లే కావాలని దుకాణం చూరు కింద బానపెట్టి పట్టాడు.

అన్నీ బిగించాక లివర్ నడిపి చూడాలి, తూటాలు వద్దన్నాడు. ఆచారి చేత జిట్రేగి చెక్కతో అచ్చం 405 తూటాల్లాంటివి తరిణె పట్టించాడు, వెనక అంచు కూడా కొలత తప్పకుండా. ఈ తూటాకి అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది, పెట్టె మ్యాగజైన్‌లో వేసేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకి ముందు ఉండాలి, వెనక పడితే తగులుకుని ఇరుక్కుపోతుంది. మామ ఒక్కొక్కటి ముందుకి తోసి పేర్చి, నాయన చేతికి ఇచ్చాడు. నాయన లివర్ తోశాడు. చెక్క తూటా ఎగిరి బెంచీ మీద పడి దొర్లింది, పైకి లాగితే ఇంకోటి మెత్తగా లోపలికి పోయింది. మా అబ్బ చేతిలో ఆ చప్పుడు నాయన చిన్నప్పుడు విన్నాడు, నేను అదే మొదటిసారి వినడం. నాయన అన్నీ అయిపోయేదాకా ఆపలేదు, మళ్లీ పేర్చి మళ్లీ నడిపాడు.

పేల్చొచ్చా అని అడిగితే, బ్యారెల్‌ని ఎండకి ఎత్తి, వెనక తెల్లకాగితం పెట్టి లోపల చూపించాడు. గాళ్లు మెలిక తిరుగుతూ చివరిదాకా స్పష్టంగా ఉన్నాయి, మధ్యలో మాత్రం నల్ల చుక్కలు. "ఇది తట్టుకుంటుంది. నువ్వు దాచుకున్న ఆ పాత తూటాలు తట్టుకోవు, ఆ అతికిన చెక్కని ఎందుకు పరీక్ష పెట్టడం, గమ్మున ఉండనీ" అన్నాడు. నాయన సరేనన్నాడు. పచ్చగా చిలుము పట్టిన ఆ తూటాలు లైసెన్సులో లెక్క తేల్చి అప్పగించేశాం. రిజిస్టర్లో మామ రాసింది ఒక్క లైనే, శుభ్రం చేసి మడమ పగులు అతికినది అని. ఆయన అడిగిన కూలి విని నాయన ఎక్కువ ఇవ్వబోతే, మా చిన్నాయన ముందే చెప్పుండాడు, ఆయన తీసుకోడని. తీసుకోలేదు. మామిడికాయల కాలంలో మా తోట నుంచి బుట్ట పోయేది ఆ ఇంటికి, మామ ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. మామ పోయాక కొడుకులు వేరే వ్యాపారాల్లోకి పోయారు. లైసెన్సు ఫీజులు, రిజిస్టర్లు, తనిఖీలు, వచ్చే పనేమో ఏడాదికి నాలుగు పన్నెండు బోర్లు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ ఆ చేతిపని నేర్చుకున్నవాళ్లు ఇంకొకరు మా రెండు జిల్లాల్లో లేరని మాత్రం గుండె మీద చెయ్యేసి చెప్పగలను. ఎన్ని చోట్ల అడిగానో.

రైఫిలు ఇప్పుడు మా తమ్ముడి పేర ఉంది. 2019లో ఆయుధాల చట్టం సవరణతో ఒక మనిషికి మూడు ఆయుధాలని రెండుకి తగ్గించినప్పుడు కాస్త టెన్షన్ పడ్డాం, వాడి దగ్గర ఇదీ, ఒక పన్నెండు బోరూ మాత్రమే ఉండటంతో ఇబ్బంది రాలేదు. ఎన్నికలు వస్తే డిపాజిట్ చేయక తప్పదు. అప్పుడు మాత్రం నేను ఎక్కడున్నా ముందురోజుకి వస్తా. గొట్టం లోపలా బయటా గ్రీజు పట్టించి, తోలు సంచిలో కాకుండా నూలు గుడ్డలో చుట్టి పంపిస్తాం, ఎందుకంటే తోలులో ఉండే ఆమ్లాలు, చెమ్మ కలిసి ఉక్కుని తినేస్తాయి. తిరిగొచ్చిన రోజే విప్పి చూస్తాం.

మొన్న మా తమ్ముడు ఫోన్లో అమెరికా నుంచి పాత వించెస్టర్ సైట్ మెట్ల ముక్కలు దొరుకుతాయని చూపించాడు, అసలు కంపెనీ ముక్క, కావాలంటే అనుమతి కాగితాలు పెట్టి తెప్పిద్దాం అన్నాడు. ఫోటోలో బాగానే ఉంది, మెట్లు సమంగా మిషన్ మీద కోసినవి. మామ చేసినదాంట్లో మూడో మెట్టు కాస్త వెడల్పు, హాక్సా పళ్ల గుర్తు ఒక అంచున ఇంకా ఉంది. వద్దులే అన్నాను, వాడూ సరే అన్నాడు.